బర్రెకు తెలిసిన చీర

కరోనా వచ్చిన కొత్తలో, రేపోమాపో అన్నీ మూసేస్తారని ఊరంతా గుబులుగా ఉన్న రోజు. కిషన్‌బాగ్ బస్సులో కూర్చున్నాను. ఒళ్లో కందిపప్పు, సబ్బులు, జ్వరం గోలీలు నింపిన సంచీ. ఎవరు దగ్గినా అందరి తలలూ అటే తిరుగుతున్నాయి.

పక్క సీట్లో ఖాళీ పాలక్యాన్‌తో ఒకామె, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని ఉంది. నా సంచీ చూసి, "మస్తు తీస్కున్నవ్ గదమ్మా" అంది.

"నువ్వేం తీస్కోలేదా అక్కా?"

"బియ్యమున్నయ్. బర్రెతోనే ఫికర్. నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనియ్యది. గందుకే నాలుగు దినాల సంది మా ఆయనకు నా చీర చుట్టి పాలు పిండిపిస్తున్న. నా వాసనకు జర ఊకుంటది."

నాకు నవ్వొచ్చింది. "ఇప్పుడే ఎందుకక్కా, నువ్వున్నవ్ గదా!"

ఆమె నవ్వలేదు. "నన్ను దవాఖానకు తీస్కపోతే?"

నేను ఒళ్లోకి చూసుకున్నాను. నా సంచీలో ఉన్నవన్నీ నేను ఇంట్లో ఉంటేనే పనికొచ్చేవి.

నా పక్కలో తప్ప నిద్రపోని రెండేళ్ల పాపను ఆ మధ్యాహ్నం మా ఆయన దగ్గర పడుకోబెట్టాను. ఆయన భుజం మీద నా పాత చీర కప్పి, బయటికొచ్చి తలుపు మూశాను.

పాప చాలాసేపు ఏడ్చింది. నేను లోపలికి వెళ్లలేదు.