పెద్దమ్మ ఒంటి వేడి

చదువు కొత్తగా ఒంటబట్టిన ఆ రోజుల్లో ఎవరైనా తుమ్మితే చాలు, ఆ తుమ్ముకు కారణమైన సూక్ష్మజీవి పేరు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. నంద్యాలలో మైక్రోబయాలజీ చదువుతూ సెలవులకు ఆళ్లగడ్డలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. పెద్దమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె గొంతు విప్పితే పాస్టరుగారే కూర్చునేవారు. అలాంటి మనిషి మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ మంటతో పళ్లు బిగించుకుని వస్తోంది. "ఏందీ లేదే, వేడి చేసింది" అంటూ సబ్జాగింజలు, బార్లీ నీళ్లు, తలకు ఆముదం (పాపం, ఆ వేడికే ఎటు పోవాలో తెలిసి ఉండదు). డాక్టరు పేరెత్తితే మాత్రం ఒప్పుకోదు. గట్టిగా అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుని అసలు మాట చెప్పింది. "మీ పెదనాయన పోయి ఎన్నేండ్లాయ? ఇప్పుడు నాకు ఆ తావున రోగమంటే జనం ఏమనుకుంటారే?"

నాకు ప్రాణం ఉసూరుమంది. చీర కొందామని అబద్ధం చెప్పి నంద్యాల బస్సెక్కించాను. సగం దారిలో నిజం చెప్పక తప్పలేదు. బస్సు మోతను మించి అరుస్తూ పాఠం మొదలుపెట్టాను.

"అది చెడ్డ రోగం కాదు పెద్దమ్మా! అండాశయంలో ఈస్ట్రోజన్ అని ఒక హార్మోను పుడతాది. పెరుగులో తోడు మాదిరి మన లోపల మంచి క్రిములుంటాయి. ఆ హార్మోను ఉన్నన్నాళ్లు వాటికి మేత దొరుకుతాది. అవి పులుపు పుట్టించి చెడ్డ క్రిముల్ని రానీవు. హార్మోను తగ్గితే ఆ పులుపూ తగ్గుతాది, చెడ్డవి మూత్రం దారి పడతాయి!"

"మజ్జిగ తాగుతానే ఉండా గదే!"

"తాగితే ఆ పులుపు రాదు. ముట్లు నిలిచినాక..." అంటుండగా గొర్రెలమంద అడ్డమొచ్చి డ్రైవరు ఇంజను ఆపేశాడు. "...ఎవురికైనా లోపలి కాపలా తగ్గుతాది!" అన్న నా మాట బస్సంతా మోగింది. కండక్టరు తల వంచుకుని టికెట్లు సర్దుకున్నాడు. పెద్దమ్మ ముఖం మీదికి కొంగు లాక్కుంది. అంతలో వెనక సీటులోంచి ఒక ముసలామె, "ఓ పాపా, అట్లయితే నాదీ వేడి కాదా?" అంది. పక్కామె "నాకూ అంతేనమ్మా, చెప్పుకునేదానికి సిగ్గు" అంది. పెద్దమ్మ కొంగు తీసి వెనక్కి చూసింది. మెల్లగా లేచి నిలబడి, చర్చి గొంతుతో, "డాక్టరమ్మ కాడికి పోతాండా. వచ్చేటోళ్లు రాండి" అంది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, మందులు రాసి, ఈ వయసులో ఇది మామూలేనంది. చీర మాత్రం కొనిపించుకుంది పెద్దమ్మ.

ఇప్పుడు ఆ వయసు నాకొచ్చింది. మొన్న అదే మంటతో ఒక చిన్న డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. తలుపు వేసి ఉందో లేదో రెండుసార్లు వెనక్కి చూసుకుని, గుసగుసగా చెప్పాను.

"కొంచెం గట్టిగా చెప్పండమ్మా, వినపడలేదు" అంది ఆ అమ్మాయి.