ఎరుపు రిబ్బన్ల మైనం

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్‌లో, కడప శివారులోని ఒక రిబ్బన్ల ఫ్యాక్టరీలో నాణ్యత విభాగం కెమిస్టుగా చేరాను. మందుల డబ్బాలకూ విత్తనాల సంచులకూ లేబుళ్లు అచ్చువేసే ప్రింటర్ల రిబ్బన్లు అక్కడ తయారయ్యేవి. పలచని పాలిస్టర్ ఫిల్ము మీద రంగు కలిపిన మైనాన్ని కరిగించి పూత పూస్తారు. ప్రింటరు వేడికి ఆ మైనం కరిగి అక్షరాలుగా లేబులుకు అంటుకుంటుంది. అంతకు ముందే కరిగితే రిబ్బను పనికిరాదు.

మే నెలలో ఎరుపు రిబ్బన్లు లారీ లోడుకు లోడు తిరిగొచ్చాయి. ఎండకు చుట్టలో పొరకు పొర అతుక్కుపోయి, విప్పబోతే చిరిగిపోతున్నాయి. ఆ సాయంత్రమే పూత మిషను ఆపరేటరు ఏసురత్నాన్ని ప్లాంటు మేనేజరు సస్పెండు చేశాడు. ట్యాంకు వేడి అతిగా పెట్టి పూత చెడగొట్టాడని అభియోగం. గంటగంటకూ వేడి రాసే రిజిస్టరును ఎవరూ తెరిచి చూడలేదు. పైగా విచారణ నివేదికలో అదే మాట రాసి సంతకం పెట్టమని మేనేజరు నన్ను ఆదేశించాడు.

ఏసురత్నం బద్వేలు వైపు మనిషి. ల్యాబుకు వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రిజిస్టరులో నేను రాసిండేది రాసినట్లే ఉండాది సార్. ఈ తూరి మైనం శానా మెత్తగుండాది, చేతికి అంటుకుంటాండాదని మీకు చెప్తి గదా. సర్టిఫికెట్ ఉండాది, ట్యాంకులో పోయమంటిరి."

నిజమే. సరఫరాదారు సర్టిఫికెట్ చూసి, పరీక్ష చేయకుండానే ఆ సరుకు పాస్ చేశాను. మేనేజరు మీద రగులుతున్న కోపం నా మీదికి కూడా మళ్లింది.

ప్రతి సరుకు నుంచీ కొంత నమూనా దాచడం మా పద్ధతి. ఆ మైనం నమూనాను సన్నని గాజుగొట్టంలో పెట్టి, థర్మామీటరుతో పాటు నీళ్లలో ఉంచి వేడిచేశాను. సర్టిఫికెట్‌లో రాసిన వేడికి చాలా ముందే కరిగి జారింది. గట్టి మైనం పేరుతో చవక మైనం అంటగట్టారు. మరునాడు మేనేజరు ఎదుటే మళ్లీ చేసి చూపించాను. ఆయన గొట్టం వంక చూడనైనా లేదు. కొనుగోలు సంగతి మీకెందుకు, ఆపరేటరు తప్పని రాసివ్వండి అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మైనం నాసిరకమని, పరీక్ష చేయని తప్పు నాదని రాసి, ఒక ప్రతి హెడ్డాఫీసుకు పంపాను.

వారానికి సస్పెన్షన్ రద్దయింది. నాకు మెమో వచ్చింది. అది న్యాయమే. ఆ మైనం కొన్నవాళ్లను గానీ, మేనేజరును గానీ అడిగిన నాథుడు లేడు. పొరపాటైందని ఏసురత్నంతో ఒక్క మాటైనా అన్నవాళ్లు లేరు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, మిషను దగ్గర నిలబడే మనిషి సరుకు బాగాలేదంటే ముందు మిషను ఆపించేవాణ్ణి. కాగితాలు తర్వాత చూసేవాణ్ణి.