రెండు వేల బిట్లు, ఒక పల్చటి పుస్తకం

భూపాలపల్లిలో కరెంటు ప్లాంటు పనులు జరుగుతున్న రోజుల్లో నేను ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్ ఇంజనీరుని. పేరుకే ఇంజనీరు. ఎన్ని సిమెంటు బస్తాలు దిగాయి, ఏ సైజు ఇనుము వచ్చింది అని చూసుకోవడమే పని. ఆఫీసు షెడ్డులో గోడ పొడుగునా ఒక చార్టు ఉండేది. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలి, ఏది అయ్యాక ఏది చేయాలి, అన్నీ రంగురంగుల గీతలతో. ఆ గీతలు గీసే ప్లానింగ్ ఇంజనీరు సారు కుర్చీ ఆ చార్టు పక్కనే. టీ తాగే నెపంతో రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి నిలబడేదాన్ని. ఆ కుర్చీ మీద నాకు ఎంత ఆశ ఉండేదో ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

ఆ సారుకు వేరే ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజే నేను తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లి, ఆ కుర్చీ నాకివ్వమని అడిగేశాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉండాలమ్మా. ఉగాదిలోపు ఆ పరీక్ష పాసై రా, కుర్చీ నీదే. లేకపోతే బయటినుంచి మనిషిని తెచ్చుకుంటాం," అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "అయినా మీ బందులూ ధర్నాల మధ్య పుస్తకం తెరిచే తీరికేదీ!" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"తెరుస్త సార్. మూస్త గూడ," అన్నాను. మూయడం ఎందుకో నాకూ తెలియదు. కోపంలో వచ్చేసింది.

వెళ్లిపోయే సారు తన పుస్తకం నాకు ఇచ్చిపోయాడు. ఇటుకంత లావు, అంతా ఇంగ్లీషు. మొదటి పేజీ మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కునుకు పట్టింది. ఇది నా వల్ల అయ్యేది కాదు, ఇంకేదైనా వెతుక్కోవాలని ఆ ఆదివారమే జనగామ బస్సెక్కాను.

జనగామలో మా అక్క ఉంటుంది. బావ సర్కారు బడిలో టీచరు. గ్రూప్ పరీక్షలు రాయడంలో మా చుట్టాల్లో ఆయన్ను మించినవాడు లేడు. పాసవ్వడం సంగతి అడగకూడదు. వాళ్లింట్లో మంచం కింద, బియ్యం డబ్బా మీద, ఎక్కడ చూసినా బిట్ బ్యాంకులే. బావను అనడమే గాని, నేనూ ఆ తోవలో వచ్చినదాన్నే. మాకు చదువంటే బిట్లు. ఒక ప్రశ్న, కింద నాలుగు జవాబులు, పేజీ అడుగున తలకిందులుగా అచ్చేసిన జవాబుల వరస. పాలిటెక్నిక్‌లో చేరడానికీ అదే చదివాను, ఇంజనీరింగులో చేరడానికీ అదే చదివాను.

బావ నన్ను బస్టాండు దగ్గరి పుస్తకాల దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణం పెద్దాయన నా మాట విని, లోపలినుంచి దుమ్ము దులిపి ఒక పల్చటి పుస్తకం తెచ్చాడు.

"గిది జూడు బిడ్డ. ప్రశ్నలు తక్కువనే ఉన్నయ్ గని, ఒక్కో జవాబు ఎందుకు ఒప్పో, కడమ మూడు ఎందుకు తప్పో గూడ రాసిండు," అన్నాడు.

బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని తూచినట్టు ఊపాడు. "గింత పల్చటి దాంతోని ఏం పాసైతది కాకా? నువ్వు పరేషాన్ గాకు మరదలా. హైదరాబాద్ల నా దోస్తుగాడున్నడు. గీ పరీక్షవే రెండు వేల బిట్లు జిరాక్స్ తీపిస్త."

రెండు వేలు! ఆ మాట వినగానే నాకు రెక్కలొచ్చినట్టయింది. పల్చటి పుస్తకాన్ని పెద్దాయన చేతిలో పెట్టేసి, మళ్లీ దాని మొహం కూడా చూడలేదు. వారం తిరక్కుండా స్పైరల్ బైండింగుతో బిట్ల కట్ట చేతికొచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, అప్పుడే పాసైపోయినంత సంబరం.

అంతలోనే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. లారీలు ఆగాయి, బస్సులు ఆగాయి, బొగ్గు బావులు ఆగాయి. మా పనీ ఆగింది. అందరినీ ఇళ్లకు పొమ్మన్నారు. నేను కేసముద్రం దగ్గర మా తండాకు చేరుకున్నాను. రైళ్లు కూడా లేక పట్టాలు ఖాళీగా ఉండేవి. బడి లేదు కాబట్టి అక్కా బావా కూడా వచ్చేశారు. ఇల్లు పండగలా ఉంది. పగలు జెండాలు పట్టుకుని కేసముద్రం పోవడం, తిరిగొచ్చి బిట్లు పట్టడం. నా జన్మలో అంత హుషారుగా ఎప్పుడూ చదవలేదు.

బావ అరుగు మీద కూర్చుని పరీక్ష పెట్టేవాడు. ప్రశ్న చదివే పని కూడా లేదు, నంబరు చెబితే చాలు.

"నూట నలభై మూడు?"

"సి!"

"ఆరువందల పన్నెండు?"

"బి!"

"వెయ్యిన్ని మూడువందల నలభై?"

"డి!"

బావ చప్పట్లు కొట్టేవాడు. తండా పిల్లలు కొట్టేవాళ్లు. మా యాడి మాత్రం, అంటే మా అమ్మ, తండాలో మేం అమ్మను అలాగే పిలుస్తాం, జొన్నలు చెరుగుతూ మా లంబాడీ భాషలో ఒకసారి అడిగింది: "అంకెలే జెప్తున్నవు, ముచ్చట ఏందో జెప్పవేందే?" ఆమెకు చదువు రాదు కాబట్టి అలా అడుగుతోందని నవ్వి ఊరుకున్నాను.

మా తండావాళ్లం మానుకోట రోడ్డు మీద వంటా వార్పు చేయాలని మీటింగులో నిర్ణయమైంది. ఉద్యమంలో అది మామూలే. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే తిని, సాయంత్రం దాకా బండి కదలనివ్వకపోవడం. ప్లాను నేను వేస్తానని చెయ్యెత్తాను. ఇంత చదువుకుంటున్నదాన్ని నేను కాక ఇంకెవరు వేస్తారు? పాత క్యాలెండరు వెనక రంగు పెన్నులతో చార్టు గీశాను. పొయ్యిలెవరు, కట్టెలెవరు, కూరగాయలెవరు, నీళ్ల ట్యాంకరు ఎన్ని గంటలకు, అన్నీ గీతలే. పక్క ఊళ్ల పెద్దలున్న మీటింగులోనే గట్టిగా ఇంకో మాట కూడా అన్నాను: "అంబులెన్స్ దప్ప ఎవ్వల్ని ఇడువొద్దు. మనోళ్లయినా సరే!" అందరూ జై తెలంగాణ అన్నారు. నాకు తల ఆకాశానికి తగిలింది.

ఆ రోజు పొద్దున తొమ్మిదికల్లా చార్టు ట్రాక్టరు ట్రాలీకి వేలాడుతోంది. పొయ్యిలు రాజుకున్నాయి, గుండిగలు ఎక్కాయి, బియ్యం గంపలు వరసగా ఉన్నాయి. నీళ్లు లేవు. అరగంట చూశాం. ట్యాంకరు డ్రైవరు ఫోన్ చేశాడు.

"అక్కా, నన్ను ముందటి ఊరోళ్లు ఆపిండ్రు. ఆడ గూడ వంటా వార్పే. అంబులెన్స్ దప్ప ఎవ్వల్ని ఇడువొద్దని నువ్వే జెప్పినవంట గదా. కూసోవెట్టి చాయ్ పోసిండ్రు."

"నీళ్లు?"

"నీళ్లు గూడ వాళ్లే వాడుకుంటున్నరక్కా."

నేను పెట్టిన రూలే నా ట్యాంకరును ఆపింది. ఇలాంటిదే ఒక బిట్టు ఉంది. ఆరువందల పన్నెండు, జవాబు బి: పైవాళ్లకు తెలియజేయాలి. వెంటనే మండలం నాయకుడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంకొకాయనకు చేశాను. ఎత్తాడు గాని, అక్కడ జరుగుతున్న ధూంధాం ఆటపాటల చప్పుళ్లలో ఆయనకు నా మాట వినపడలేదు. ఖాళీ గుండిగలు కాగుతున్నాయి. ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

యాడి నా దగ్గరికొచ్చింది. "నీళ్లు ఏడున్నయే?"

"ముందటి ఊరోళ్ల కాడ."

"ఆడ పొయ్యిలున్నయా?"

"ఉన్నయ్."

"మరి బియ్యం ఈడెందుకు?"

అంతే. చుట్టూ ఉన్న ఆడవాళ్లను, ఎవరెవరు ఎంత మోయగలరో అడిగింది. బియ్యం గంప తను నెత్తికెత్తుకుంది. వెనకే అందరూ ఎత్తుకున్నారు. మగవాళ్లను మా అడ్డా దగ్గరే ఉంచి, ఆడవాళ్లం పాటలు పాడుకుంటూ ముందటి ఊరి దగ్గరికి నడిచాం. వాళ్లకు బియ్యం తక్కువ పడి అప్పటికే తంటాలు పడుతున్నారట! రెండు ఊళ్ల వంట ఒకచోటే అయింది. మగవాళ్లకు గంపల్లో అన్నం తెచ్చాం. ఆ రోజు తిన్నంత సంబరంగా నేను ఏ పెళ్లిలోనూ తినలేదు. అయినా లోపల ఏదో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఇంటికొచ్చి, పొద్దుండగానే బిట్ల కట్ట తెరిచాను. ఆరువందల పన్నెండు చూశాను. అనుకున్న వస్తువు దారిలో ఆగిపోయింది, మేనేజరు ముందుగా ఏం చేయాలి? జవాబు బి, పైవాళ్లకు తెలియజేయాలి. తర్వాత పేజీలు తిప్పుతూ పోయాను. వెయ్యిన్ని మూడువందల నలభై దగ్గర చెయ్యి ఆగింది. అదే ప్రశ్న. అక్షరం పొల్లుపోకుండా అదే. జవాబు మాత్రం డి: తన మనుషులతో కూర్చుని, చేతిలో ఏముందో చూసుకోవాలి. రెండూ నాకు కంఠస్థమే. రెండింటికీ బావ చప్పట్లు కొట్టాడు. పరీక్షలో ప్రశ్నకు ఆ నంబరు ఉండదు కదా!

"బావా, పొద్దున జనగామ పోవాలె," అన్నాను.

"ఎందుకు?"

"ఆ పల్చటి పుస్తకం కోసం." ఆ రెండు పేజీలూ ఆయనకు చూపించాను.

బావ మొహం మాడిపోయింది. "రెండు వేల బిట్లల్ల ఒకటి రెండు తప్పులుంటయ్. అంతమాత్రాన..."

"ఒకటో రెండో అని కాదు బావా. ఏది తప్పో నాకు తెల్వది. గదే బాధ."

ఏమనుకున్నాడో, పొద్దున్నే బండి తీశాడు. దారి పొడుగునా మూతి ముడుచుకునే ఉన్నాడు. ఊరూరా ఆపేవాళ్లు. పుస్తకం కొనడానికి పోతున్నామంటే నమ్మేవాళ్లు కాదు. ఒకచోట ఒక అవ్వ, "సదువుకునే పిల్లరా, ఇడువుండ్రి," అని మమ్మల్ని పోనిచ్చింది. జనగామ చేరేసరికి దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాను. ఆ పల్చటి పుస్తకాన్ని ఎవరైనా కొనుక్కుపోయారా అని అడిగాను. పెద్దాయన నవ్వాడు.

"ఏడికి పోతది బిడ్డ? నువ్వు దప్ప దాన్ని ముట్టినోళ్లే లేరు."

తిరుగుదారిలో బండి మీదే చదవడం మొదలుపెట్టాను. జవాబు కన్నా కారణాలే ఎక్కువున్నాయి. ఇది ఎందుకు తప్పు, ఎప్పుడైతే ఒప్పవుతుంది అని. ఆ కారణాలు పట్టుకుని ఇటుకంత పుస్తకం తెరిస్తే, ఈసారి కునుకు రాలేదు. ఏం వెతకాలో తెలిసింది. బిట్ల కట్ట అటకెక్కింది.

మిర్చి కోతల సమయానికి సైటు పని మళ్లీ నడుస్తోంది. సెలవు దొరికినప్పుడల్లా తండాకు వచ్చేదాన్ని. యాడి కళ్లంలో తాలు కాయలు ఏరుతుంటే పక్కన కూర్చుని, ప్రశ్నలను మా భాషలోకి మార్చి చెప్పేదాన్ని. గోడ పగిలిందని మేస్త్రీ చెప్పాడు, ముందుగా ఏం చేయాలి? కూల్చాలా, పైవాళ్లకు చెప్పాలా, వెళ్లి చూడాలా, మేస్త్రీని తిట్టాలా?

"జూడకుండ ఎట్ల జెప్తరే?" అనేది యాడి.

నా జవాబు పెన్సిల్‌తో రాసుకుని, పక్కన 'య' అని పెట్టి ఆమెది రాసేదాన్ని. తర్వాత వెనక పేజీ తిప్పి చూసేవాళ్లం. చాలాచోట్ల ఆమెదే ఒప్పు. నాకు రోషం వచ్చేది, కాయలు విసిరేసేదాన్ని. సంతకాలూ కాగితాలూ వచ్చేచోట మాత్రం ఆమె ఎప్పుడూ తప్పే. "మాట ఇచ్చినంక సంతకమెందుకే?" అని వాదించేది. అప్పుడు నేను గెలిచినట్టు ఎగిరేదాన్ని.

శివరాత్రి ముందు హైదరాబాదులో పరీక్ష. ఉగాదిలోపు మళ్లీ రాసే వీలు లేదు. కంప్యూటరు ముందు కూర్చున్నాను. సగం దాటాక ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. సరుకు ఆగింది, జనం ఎదురుచూస్తున్నారు, ముందుగా ఏం చేయాలి? నా చెయ్యి పాత అలవాటున 'పైవాళ్లకు తెలియజేయాలి' మీదికి పోయింది. ఆ క్షణాన యాడి నెత్తిన బియ్యం గంప కళ్లముందు కదిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ చదివాను. ఆమె ఏం చెబుతుందో అదే పెట్టాను.

చివర తెర మీద పాస్ అని వచ్చింది. బయటికొచ్చి రోడ్డు మీదే గంతులేశాను. బావకు ఫోన్ చేస్తే నాకన్నా గట్టిగా అరిచాడు. ఆ పల్చటి పుస్తకం పేరేంటో సరిగ్గా చెప్పమన్నాడు. మేనేజరు మాట తప్పలేదు. కుర్చీ ఇచ్చాడు, ఈసారి నవ్వలేదు.

మొన్నామధ్య కొత్తగా చేరిన ఇంజనీరు అమ్మాయి ఈ పరీక్షకు ఏం చదవాలని అడిగితే, ఆ పుస్తకమే ఇచ్చాను. రెండో రోజే తెచ్చి నా బల్ల మీద తెరిచింది.

"మేడం, ప్రతి ప్రశ్న పక్కన 'య' అని ఉంది. నాకు డౌటొచ్చినచోటల్లా ఆ జవాబే కరెక్టు. ఎవరు మేడం, కోచింగ్ సారా?"

"మా అమ్మ," అన్నాను.

ఆ అమ్మాయి గబగబా పెన్ను తీసింది. "ఆమె ఏ పుస్తకం చదివారో చెప్పండి మేడం, అది కూడా తెచ్చుకుంటాను."

నేను ఆమెను కుర్చీ లాక్కుని కూర్చోమన్నాను. నీళ్ల ట్యాంకరు ఆగిపోయిన రోజు సంగతి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.