ఎడమ చేత్తో రాసిన పోస్టుకార్డు

ఒక పోస్టుకార్డు ఎంత బరువుంటుందో నాకు తెలుసు. ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఈరోజు మీ ముందు దించుతాను.

నన్ను ఎవరైనా చిన్నచూపు చూస్తే మరచిపోను. రేషన్ తూకం నుంచి బస్సు ఆలస్యం దాకా నేను అర్జీ పెట్టని విషయం లేదు. అద్దంకి దగ్గర మా ఊళ్లో ఆ సంగతి అందరికీ తెలుసు.

పక్కింటి కోటయ్య కూతురి ఓణీల ఫంక్షన్‌కు మమ్మల్ని బొట్టు పెట్టి పిలవలేదు. శుభలేఖ మా అరుగు మీద పెట్టి పోయారు. అదీ ఒక పిలుపేనా? మేం వెళ్లలేదు.

మరుసటి ఏడాది కోటయ్య బంధువులను చూడడానికి నగరానికి వెళ్లాడు. అక్కడ ఉగ్రవాదులు పెట్టిన బాంబు పేలి మోకాలి కింద కాలు పోయింది. ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. నేను ఎడమ చేత్తో, పోస్టుకార్డు మీద కలెక్టరుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఆ కాలు పోయింది బాంబుకు కాదని, చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లు యంత్రంలో పడి అని. అతను అంతకుముందు మిల్లులో పనిచేసినవాడే. అబద్ధం అతికినట్టు సరిపోయింది. ఫైలు ఆగిపోయింది.

కోపం తీరిందా? ఏమో. చంక కింద కర్రలతో కోటయ్య మా గడపే ఎక్కాడు.

"బావా, ఎవడో మహానుభావుడు నా కాలును మిల్లులో పడేశాడంట. నా తరఫున అర్జీ రాసిపెట్టు."

"నేనే ఎందుకు?"

"ఊళ్లో నీ అంత మొండోడు ఇంకెవడున్నాడు?"

అప్పుడే చెప్పాల్సింది. కాగితం తీసి, నా ఎడమ చేతికి కుడి చేత్తో జవాబు రాశాను. ఆస్పత్రి కాగితాలూ, ఆ రోజు బస్సు టిక్కెట్టూ జతచేశాను. ఇక ప్రతి సోమవారం ఇద్దరం ఒంగోలు కలెక్టరాఫీసుకే. నన్ను చూడగానే గుమాస్తా తల పట్టుకునేవాడు. ఆ సోమవారాలు నాకు పండుగలు. చేసిన తప్పు దిద్దుకుంటున్న ఆనందమా, పోట్లాట మీద మోజా? నాకిప్పటికీ తేలలేదు.

పరిహారం మంజూరైన రోజు కోటయ్య బస్సు సీట్లో కూర్చునే చిందులేశాడు. మర్నాడు అతని భార్య కుంకుమ భరిణెతో వచ్చి, మా ఆవిడకు బొట్టు పెట్టి భోజనానికి పిలిచింది.

"ఓణీలప్పుడూ వచ్చా అన్నయ్యా. తాళం వేసుంది. మీరిద్దరూ ఏదో అర్జీ పట్టుకుని ఒంగోలు వెళ్లారంట. అరుగు మీద కార్డు పెట్టి, మళ్లీ వద్దామనుకుంటే పనుల్లో కుదర్లేదు."

నా అర్జీయే నా బొట్టును తినేసింది!

గారెలు, నాటుకోడి పులుసు వడ్డించారు. "ఆ ఉత్తరం రాసినోడు దొరకాలి బావా, ఈ డబ్బుతో పెట్టించుకునే కొత్త కాలుతోనే తంతా!" అన్నాడు కోటయ్య. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఇంకో రెండు గారెలు వేయించుకున్నాను కూడా.

క్షమించమని అడగను. ఎవరినీ క్షమించడం తెలియని నాకు అడిగే మొహమెక్కడిది? కోటయ్య ఇది చదివితే కాలెత్తుతాడేమో. ఎత్తనీ.

ఉత్తరం రాసింది నేనే. ఈ మాట మాత్రం కుడి చేత్తో రాశాను.