గంగమ్మ కోడి

ఆత్మారాంకు వచ్చిన విద్య ఒక్కటే, వాల్వు తిప్పడం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టాల దగ్గర సగం జీవితం గడిపాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ విద్య ఎందుకూ కొరగాకుండా పోయింది. పెళ్లాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. తమ్ముడు భూమేష్ ఇంట్లో చేరి, మరదలు గోదావరి చుట్టే బీడీల మీద బతికాడు. ఆమె ఏనాడూ విసుక్కోలేదు. అందుకే ఆమెను చూస్తే అతనికి మరింత మండేది.

అలాంటివాడికి మంజీర మీద వంతెన పని దొరికింది. నదిలో స్తంభం నిలబెట్టాలంటే ముందు లోతుగా బావి దించాలి. దాని అడుగున ఇనుప గది. నీళ్లు చొరబడకుండా కంప్రెసర్ పైనుంచి ఆ గదిలోకి గాలి కుక్కుతూ ఉంటుంది. ఆ చిక్కటి గాలిలో కూలీలు బండలు పగలగొట్టాలి. అక్కడ ఈల వేద్దామన్నా రాదు, మాట ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. పైకి వచ్చేటప్పుడు దారిలో ఇంకో చిన్న గదిలో గంటకు పైగా కూర్చోవాలి. బయటి మనిషి వాల్వును కొంచెం కొంచెంగా తిప్పుతూ గాలి దించాలి. తొందరపడితే కాళ్లు పడిపోతాయని తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. ఆ వాల్వు ఇప్పుడు ఆత్మారాం చేతిలో ఉంది. లోపల బండలు కొట్టే పనికి భూమేష్‌ను కూడా తనే పెట్టించాడు.

"ఫ్యాక్టరీల గింతకు గింత ఒత్తిడి ఒక్క తిప్పుతోని దించిన. గాలి నాకు కొత్తనా?" అనేవాడు ఆ అక్షరాలను చూసి.

ఆ ఒడ్డున ఒక ఆచారం ఉంది. నీళ్లలో పునాది తీసేముందు ఒక కోడిపెట్టను గంపలో పెట్టి లోపలికి దించుతారు. బతికి పైకొచ్చి గింజలు ఏరుకుంటే గంగమ్మ ఒప్పుకున్నట్టు. ఇక దాన్ని ఎవరూ కోయరు. కోడి కోసం గంటసేపు ఎవడు కూర్చుంటాడని ఆత్మారాం వాల్వు మొత్తం తెరిచేశాడు. కోడి రెక్కలు దులుపుకుని, గింజల మీద పడింది. అతని బుర్రలో అప్పుడే ఒక దీపం వెలిగింది. దాన్ని ఆర్పేవాడు లేకపోయాడు.

తర్వాత మొక్కు మేకను కూడా గంగమ్మకు చూపించి తెచ్చారు. దాన్ని కూలీలతోపాటు చాలాసేపు లోపలే ఉంచి, పైకి తెచ్చేటప్పుడు మాత్రం కోడిలాగే ఒక్క తిప్పుతో బయటపడేశారు. అది వెనక కాళ్లు ఈడ్చుకుంటూ, ముందు కాళ్లు వణుకుతుండగా వచ్చింది.

"దీనికేమైందన్నా?" అన్నాడు భూమేష్.

"తాడు బిగిసినట్టుంది. ఎట్లైనా కోసేదే కదరా."

కోశారు, తిన్నారు. ఆ వెనక కాలి మూలుగ భూమేష్ వాటాకే వచ్చింది. కమ్మగా ఉందని జుర్రుకున్నాడు.

కూలీలు పైకి రావడం ఆలస్యమై పని వెనకబడుతోందని సూపర్‌వైజర్ శివకుమార్ గొణుగుతున్న రోజులవి. "నాకు వదిలెయ్యి సార్" అన్నాడు ఆత్మారాం. మేస్త్రీ అని పిలిపించుకోవాలని అతని కోరిక. అందుకు, ఒక్క తిప్పుతో దించినా ఏమీ కాదని చూపించడానికి ఒక మనిషి కావాలి. పరాయివాడైతే ఎదురు తిరుగుతాడు, తమ్ముడు తిరగడు. చిన్నప్పటినుంచి అన్న మాటకు ఎదురు చెప్పని మెత్తటివాడు భూమేష్. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుందని ఊరికే అనలేదు.

"అన్నా, జర నెమ్మదిగ దించు" అన్నాడు భూమేష్, చిన్న గదిలోంచి.

"కోడికి కాంది నీకైతదా? దాని కంటే నాజూకా నువ్వు?"

వాల్వు బుసకొట్టింది. భూమేష్ నవ్వుతూనే బయటకొచ్చాడు. చాయ్ తాగాడు. కాసేపటికి మోకాళ్లు పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. కాళ్లలో చీమలు పాకుతున్నాయన్నాడు. నడుము కింద ఏదో ఆరిపోతోందన్నాడు.

"అన్నా, నన్ను మళ్ల లోపలికి తోలు. లోపల మంచిగుండె."

పని మానేసినవాళ్లను చూశాడుగానీ, మళ్లీ లోపలికి పంపమని ఏడ్చేవాణ్ని ఆత్మారాం ఎన్నడూ చూడలేదు. పైగా శివకుమార్ చూస్తున్నాడు. తమ్ముడి చెంప మీద ఒక్కటిచ్చి, "నాటకాలు చేస్తున్నవా?" అన్నాడు. ట్రాక్టర్ మీద ఇంటికి పంపించాడు.

నిజామాబాద్‌లో డాక్టర్ అంతా విన్నాడు. గోలీ సోడా కొట్టినప్పుడు బుడగలు పొంగినట్టు వెన్నులో నరాల మధ్య గాలి పొంగిందన్నాడు. కోడి ఒళ్లు చిన్నది, గుండె గబగబ కొట్టుకుంటుంది, పైగా అది లోపల ఉన్నది కాసేపే, పట్టిన గాలి ఇట్టే బయటికి పోతుంది, మేకకు పోదు, మనిషికి అసలే పోదన్నాడు. చివరికి ఒక మాట అడిగాడు.

"వెంటనే మళ్లీ ఆ గదిలో పెట్టి, గాలి ఎక్కించి, మెల్లగా దించి ఉంటే లేచి నడిచేవాడేమో. అక్కడే ఉంది కదా, ఎందుకు పెట్టలేదు?"

ఆత్మారాం గోడకేసి చూశాడు. గోదావరి అతనికేసి చూసింది.

ఇప్పుడు ఆత్మారాంను అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. గంగమ్మ కోడి వాళ్ల వాకిట్లోనే తిరుగుతుంది. దానికి రోజూ అతనే గింజలు వేస్తాడు, వేయకపోతే తల్లికి కోపం వస్తుందని. భూమేష్‌ను పొద్దున్నే మంచం మీద కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీస్తారు. గోదావరి పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది.

ఒక రోజు భూమేష్ తింటున్న అన్నం మెతుకులు కాలివేళ్ల సందున పడ్డాయి. కోడి వచ్చి మెతుకులు ఏరింది. అవి అయిపోయాక వేలినే పొడవసాగింది. నెత్తురు కారింది.

"అన్నా, డ్యూటీకి పోలేదా ఇయ్యాల?" అని భూమేష్ మామూలుగా అడుగుతున్నాడు.

గోదావరి చేతిలో ఆకు ఆగింది. "బావా, జర కోడిని అదిలించు. ఆయనకు తెల్వది" అంది.

ఆత్మారాం చెయ్యి ఎత్తి అదిలించాడు. ఆ చెయ్యి లేస్తే గింజలు పడతాయని కోడికి అలవాటు. తల ఎత్తి కాసేపు చూసింది. ఏమీ పడకపోయేసరికి మళ్లీ వేలిని పొడవడం మొదలుపెట్టింది.