ఎముకలో దొరికిన నాచు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం. జంషెడ్‌పూర్‌లో ఒక ఫోరెన్సిక్ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. నీళ్లలో దొరికిన శవాలకు డయాటమ్ టెస్ట్ చేయడం నా పని. డయాటమ్ అంటే నదుల్లో, చెరువుల్లో, సముద్రంలో ఉండే, కంటికి ఆనని నాచు. ప్రాణం ఉండగా మనిషి నీళ్లు పీలిస్తే అది రక్తంలో కలిసి ఎముక మజ్జ దాకా చేరుతుంది. చనిపోయాక పడేస్తే అంత దూరం పోదు.

ఊళ్లోనే పర్సుడీహ్ బస్తీలో ఉండే ఎర్రయ్య ఒకప్పుడు శ్రీకాకుళం తీరంలో చేపలు పట్టేవాడు. ఇక్కడ కాంట్రాక్టు కూలీ. కొడుకు రాజేష్ శవం సువర్ణరేఖ నదిలో దొరికింది. ఇద్దరం స్నానానికి దిగామని, రాజేష్ కాలికి పాత వల చుట్టుకుని మునిగిపోయాడని స్నేహితుడు సోనూ చెప్పాడు. ఎర్రయ్య నమ్మలేదు. చంపి నదిలో పడేశాడని కేసు పెట్టాడు. సోనూ లాకప్‌లో ఉన్నాడు.

నా రిపోర్టు పోలీసులకు చేరాక, తెలుగావిడ ఉందని తెలిసి ఎర్రయ్య నా దగ్గరికి వచ్చాడు.

“మావోడు మునిగిపోడమేటమ్మా? సముద్రంలో ఈత నేర్పినాను ఆడికి.”

ఈ మాట ఎందరి నోటో విన్నాను. వాదించే ఓపిక లేదు. నది నీళ్ల స్లైడ్ మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నాను.

“ఇయేటి, పడవల్లాగున్నాయి?”

“నాచు. మీవాడి ఎముకలోనూ ఇవే దొరికాయి. వీటికి గాజులాంటి డిప్ప ఉంటుంది. యాసిడ్‌లో మరిగించినా కరగదు.”

“డిప్ప తాబేలుకీ ఉంటదమ్మా,” అని రెండు చేతులూ చాపి చూపించాడు. “ఇంతింతవి, సముద్రంలోనే బతికినయి. వల్లో ఇరుక్కుంటే పైకొచ్చి గాలి పీల్చుకోనేక సచ్చిపోతాయి. ఎన్నిటినో ఒడ్డున కప్పెట్టినాను. దీనికి గాలక్కర్లేదా?”

“దీనికి పైకి రావలసిన పని లేదు. కావలసినవన్నీ నీళ్లలోనే దొరుకుతాయి.”

మళ్లీ ఒకసారి మైక్రోస్కోపులోకి వంగి చూశాడు. తర్వాత, “మావోడి కాలికి వల గుర్తుందని పోస్టుమార్టం డాక్టరు రాసినాడంట. నిజమేనా?”

“నిజమే. ఎవరైనా తోశారా అన్నది నా టెస్ట్ చెప్పదు. చంపాక పడేయలేదని మాత్రం చెబుతుంది.”

ఆ సాయంత్రమే స్టేషన్‌కు వెళ్లి తన అనుమానం తప్పని చెప్పాడట. పోలీసులు సోనూను వదిలేశారు. శాంపిళ్లు తెచ్చే కానిస్టేబుల్ తర్వాత చెప్పాడు: ఎర్రయ్య స్టేషన్ గేటు దగ్గర నిలబడి సోనూ భుజం పట్టుకుని ఒకటే అడిగాడట, “ఎంతసేపు పైకి రావాలని చూసినాడు?” సోనూ ఏడ్చాడట.

అప్పటి నుంచి చనిపోయినవాళ్ల కుటుంబాల ముందు ‘డయాటమ్ టెస్ట్ పాజిటివ్’ అనడం మానేశాను. కూర్చోబెట్టి, నీళ్లలోకి వెళ్లేటప్పటికి ఊపిరి ఉందని చెబుతాను. చెప్పాక, ఇంకేమీ అడగకుండా లేచి వెళ్లిపోతే బాగుండునని ఎదురుచూస్తాను.