జ్ఞానప్రకాశం తీసిన ఒక్క సినిమా

జ్ఞానప్రకాశం అంబాజీపేటలో నాటకాల తెరలకు రంగులు వేసేవాడు. 1946లో మద్రాసు వెళ్ళి, ఒక స్టూడియోలో గుడ్డల మీద ఆకాశాలు, కొండలు వేస్తూ ఏడేళ్ళు గడిపాడు. నిజమైన ఆకాశం కింద, నటులు కానివాళ్ళతో ఒక సినిమా తీయాలని అతని పంతం. చివరికి కొబ్బరి వ్యాపారి వెంకటరాజు పెట్టుబడికి ఒప్పుకున్నాడు.

కాట్రేనికోన దగ్గర సముద్రం ఒడ్డున షూటింగు మొదలైంది. ప్రతి దృశ్యానికీ జ్ఞానప్రకాశం ముందుగా రంగుల్లో బొమ్మ వేసుకునేవాడు. బొమ్మలోని వెలుతురు బయట కనిపించేదాకా కెమెరా తిప్పనిచ్చేవాడు కాదు. ఒక్కోసారి రెండేసి రోజులు అందరూ ఊరికే కూర్చునేవారు.

సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరాని మొగుడి కోసం ఎదురుచూసే మనిషి కథ అది. ఆ వేషానికి చేపలమ్మే మరిడమ్మను ఒప్పించాడు. రెండేళ్ళ క్రితం ఆమె భర్త పడవతో సహా పోయాడు. ఆ సంగతి తెలిసే అడిగాడు.

సముద్రం కేసి చూడమంటే ఆమె చూసింది. నిజంగానే ఏడ్చింది. మబ్బు అడ్డొచ్చిందని మళ్ళీ నిలబడమన్నాడు. తర్వాత ఇంకోసారి. నాలుగోసారి ఆమె కదల్లేదు.

“నావల్ల కాదండి,” అంది. “మీకు మబ్బు కనపడతందండి. నాకు ఆయన కనపడతన్నాడండి.”

అతను సిగ్గుపడి కెమెరా ఆపించాడు. ఆ ఏడుపు సినిమాలో ఉండదని మాటిచ్చాడు.

కానీ పాటలు లేకపోతే జనం రారని వెంకటరాజు, అతనికి చెప్పకుండా, ఆ ఏడుపు మీదే ఒక పాట పెట్టించాడు. 1954లో అమలాపురం హాల్లో, తాను పిలిస్తే వచ్చిన మరిడమ్మ పక్కన కూర్చుని జ్ఞానప్రకాశం అది చూశాడు. ఆమె మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. సినిమా నాలుగు రోజులు ఆడింది.

మర్నాడు క్షమించమని అడగడానికి వెళ్ళాడు.

“ఆయనది ఒక్క ఫొటో కూడా లేదండి. మీరు బొమ్మలేస్తారు కదండీ. ఏసియ్యండి,” అంది ఆమె.

అతను మద్రాసు మానేసి, ఆ చుట్టుపక్కలే ఒక బడిలో డ్రాయింగు మాస్టరుగా చేరాడు. ఆదివారం చర్చి అయ్యాక సైకిలు మీద కాట్రేనికోన వెళ్ళేవాడు. ఆమె మొగుడి పోలికలు చెప్పేది, అతను గీసేవాడు. చూసి, కాదని తల ఊపేది. చూడని మనిషిని ఎలా వేస్తారని భార్య జయమ్మ అడిగినా, అతను పెన్సిళ్ళు సర్దుకుని బయల్దేరేవాడు.

రెండేళ్ళకు ఒక బొమ్మను మరిడమ్మ చేతిలోకి తీసుకుంది. ముక్కు కాదంది. నుదురు కాదంది.

“నవ్వు మటుకు ఆయనదేనండి.”

దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ రమ్మనలేదు.